అటువైపు తలుపున్న బండి

రియాద్
6 డిసెంబర్ 2024

ఓబులేసుకు,

నీ బావ సీతారామయ్య రాస్తున్నాడు. ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. అందరం ఉన్నాం. నేను పోయినా నీకు వెంటనే కబురు పెట్టవద్దని మీ అక్కకు ముందే చెప్పి ఉంచాను.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అడుగుతావు. ఫోన్లో మాట్లాడుకున్నప్పుడల్లా నేను వాక్యం మధ్యలో ఉండగా నువ్వు పెట్టేశావు. కాగితానికి ఆ సౌకర్యం లేదు. చింపినా చదివాకే చింపుతావు, నీ సంగతి నాకు తెలుసు. మీ అక్క జయమ్మ తీర్పు కూడా అదే: "మీరిద్దరూ నోరు తెరిస్తే కొట్లాటే. రాసుకోండి. రాసేటప్పుడన్నా రవ్వంత ఆలోచన వస్తాదేమో." మస్తాన్ వలీ లారీలో టైల్స్ వేసుకుని వారం వారం మీ హఫర్ అల్ బాతిన్‌కు వస్తాడు కదా, ఆయనే మన పోస్టాఫీసు. నంద్యాల మనిషి. పరాయి ఉత్తరం తెరిచి చూడడు. చూడకుండానే అన్నీ తెలుసుకుంటాడు, అది వేరే విద్య.

విషయానికి వస్తాను. నా కాంట్రాక్టు ఫిబ్రవరితో సరి. కంపెనీ ఫైనల్ ఎగ్జిట్ వీసా వేసింది. ముసలి స్ట్రక్చరల్ ఇంజనీరు కన్నా ఒక కుర్రాడూ, వాడి లాప్‌టాపూ చవక. ఆ కుర్రాడు నిన్న నా డ్రాయింగు చూసి "అంకుల్, ఇవన్నీ చేత్తో గీశారా?" అని అడిగాడు. తవ్వకాల్లో దొరికిన వాడిని చూసినట్టు చూశాడు. సరే, మార్చికల్లా మేము ప్రొద్దుటూరులో ఉంటాం. ఇక ఈ దేశం తిరిగి రాం. నువ్వు ఊరికి ఎప్పుడు వస్తావో నీకే తెలియదు.

అందుకని మీ అక్కకు ఒకే కోరిక. వెళ్ళేలోగా నీ ఇంటి గడప తొక్కాలి. నువ్వూ నీ భార్య ప్రేమలతా ఆమె కొంగులో ఒడిబియ్యం పోయాలి. ఆ బియ్యం తెచ్చుకుని తన ఇంట్లో వండుకోవాలి. తోడబుట్టినవాడు అయిదు గంటల దూరంలో ఉండి కూడా నాలుగేళ్ళుగా అది జరగలేదు. ఎవరి వల్ల జరగలేదో రాయను. రాస్తే మస్తాన్ వలీ లారీలో టైల్స్ దింపి కాగితాలు ఎక్కించాలి.

జనవరిలో ఒక మంచి శుక్రవారం చూసి చెప్పు. మా పాత జపాను వ్యానులో వస్తాం.

ఆశీస్సులు, నీకు అక్కర్లేకపోయినా,
సీతారామయ్య


హఫర్ అల్ బాతిన్
14 డిసెంబర్ 2024

గౌరవనీయులైన బావగారికి,

ఉత్తరం అందింది. చింపలేదు. ప్రేమలత చదివి ఏడ్చింది. నేను చదివి బీపీ మాత్ర వేసుకున్నాను.

అక్క రావడం కన్నా నాకు కావలసిందేముంది? జనవరి ఇరవై నాలుగు శుక్రవారం బాగుంది. రమ్మనండి. మీరూ రండి, అక్కతో పాటు రాక తప్పదు కాబట్టి.

ఒక్క షరతు. ఆ బండి మా గేటు ముందుకు రాకూడదు.

ఎందుకో మీకు తెలుసు. తెలియనట్టు రాశారు గనక గుర్తు చేస్తాను. మేము ఈ విల్లాలోకి మారిన రోజు. పాలు పొంగించాల్సింది ఆడపడుచు. గేటు దగ్గర ప్రేమలత హారతి పళ్ళెంతో నిలబడింది, నేను పట్టుచీరతో నిలబడ్డాను. మా వెనక మా కంపెనీ స్టోర్స్ కుర్రాళ్ళంతా. పక్క విల్లా మా జనరల్ మేనేజర్ అబూ ఫహద్‌ది, వాళ్ళ కుటుంబం కూడా బయటికొచ్చి చూస్తోంది. మీ బండి వచ్చి గేటుకు ఆనుకుని ఆగింది. తలుపు మావైపు లేదు! మాకు కనిపించింది ఒక ఇనపగోడ, దాని మీద సగం ఊడిన కొంగ బొమ్మ. అక్క అటువైపు రోడ్డు మీద దిగి, ఎవరూ ఎదురు రాలేదేమని దిక్కులు చూస్తోంది. ఇటువైపు మేము కొంగకు హారతి ఇస్తున్నాం. అబూ ఫహద్ పిల్లలు పడీపడీ నవ్వారు. "ఈ డబ్బాను తియ్యండి బావా" అన్నాను. అన్నది అంతే. మీరు అక్కను మళ్ళీ ఎక్కించి తీసేశారు. రియాద్ దాకా తీసేశారు.

ఆడపడుచును తెచ్చి, మా ఇంటికి వీపు పెట్టి నిలబెట్టి, గడప తొక్కనివ్వకుండా తీసుకుపోవడాన్ని ఏమంటారో పుస్తకాలు చదివిన మీకే తెలియాలి.

కాబట్టి నా కొత్త కారు పంపుతాను. తెల్లది. డ్రైవరు తలుపు తీసి పట్టుకుంటాడు. ఏ వైపు కావాలంటే ఆ వైపు.

విధేయుడు,
ఓబులేసు

తా.క. మీ బండిలో ఆ జపాను ఆడమనిషి ఇంకా మాట్లాడుతోందా?


రియాద్
21 డిసెంబర్ 2024

ఓబులేసుకు,

మాట్లాడుతోంది. తాళం తిప్పగానే ఆ రికార్డు గొంతు ఒక వాక్యం పలుకుతుంది. ఏమంటుందో ఇన్నేళ్ళుగా తెలియదు. జయమ్మ మాత్రం రోజూ "సరేలేమ్మా, నిదానంగానే పోతాంలే" అని జవాబిస్తుంది. నీ కొత్త కారులో నువ్వు తప్ప ఇంకెవరైనా మాట్లాడగలుగుతున్నారా?

ఇక ఆ తలుపు. నాలుగేళ్ళుగా ఫోన్లో చెప్పబోతున్నది ఇదే. జపానులో బండ్లు మన దేశంలో లాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. అక్కడ కాలిబాట ఎడమవైపు ఉంటుంది గనక పక్క తలుపు ఎడమవైపు పెట్టారు. ఇక్కడ కుడివైపు నడుస్తాయి గనక అదే తలుపు రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటులో పనిచేసిన మొరిటా గారు దీన్ని జపాను నుంచి తెప్పించుకున్నప్పుడే స్టీరింగు ఎడమకు మార్పించారు. తలుపు మార్చడం ఎవరి వల్లా కాలేదు. వెళ్ళిపోతూ నాకు అమ్మారు. ఇండికేటరు మీట కూడా పాత వైపే ఉండిపోయింది, నేను మలుపు తిరగబోతే వైపర్లు ఆడతాయి. ఎర్రటి ఎండలో వైపర్లు ఆడిస్తూ వచ్చే బండిని చూసి మా మలజ్ పేట కూరగాయల అంగడి వాళ్ళు పక్కకు తప్పుకుంటారు, సీతారామయ్య తిరుగుతున్నాడని. ఒక తలుపు ఏ వైపు ఉందో చూసి దాన్ని కుటుంబ అవమానంగా తీసుకున్నవాడివి ప్రపంచంలో నువ్వొక్కడివే.

నీ తెల్ల కారు నాకు వద్దు. మీ అక్క నడుము సంగతి నీకు తెలియదు, అడగలేదు గనక. కూర్చుంటే నొప్పి కాలి దాకా లాగుతుంది. ఎంత మెత్తటి సీటయినా పావుగంట తట్టుకోలేదు. మా బండిలో వెనక పరుపు మీద పడుకుని వస్తుంది. అందుకే ఆఫీసుకైనా, ఆస్పత్రికైనా, కొత్తిమీర కట్టకైనా అదే బండి. నేను సైటులో ఉంటే ఆమె నడుం వాల్చి పాటలు వింటుంది, నీళ్ళ పంపు నొక్కి గిన్నెలు కడుగుతుంది, టీ పెడుతుంది. కొత్తగా మెట్రో మొదలైంది కదా, స్టేషన్ పార్కింగులో బండి పెట్టుకుని వచ్చేపోయే రైళ్ళను చూస్తూ అక్కడే అన్నం తింటాం. ఇల్లు ఒకే చోట ఉండాలని ఎవరన్నారు?

కాబట్టి అక్క వస్తే ఈ బండిలోనే. బండి వద్దంటే అక్కా రాదు. గేటు నీది. ఆలోచించుకో.

సీతారామయ్య

తా.క. ఇక్కడ రియాద్‌లోనే ఉన్న మీ తెలుగు సంఘం అధ్యక్షుడు లక్ష్మణమూర్తికి నా నమస్కారాలు చెప్పకు. ఉగాది సంచికలో నా వ్యాసాన్ని సగానికి కోసి, మిగిలిన చోట తన ఫొటో వేసుకున్నవాడు. ఫొటోను కూడా సగానికి కోసి ఉంటే వ్యాసం పూర్తిగా పట్టేది.


హఫర్ అల్ బాతిన్
28 డిసెంబర్ 2024

బావగారికి,

ఈ ఉత్తరం వెటకారం చేయకుండా చదవండి.

మీ ఉత్తరం వచ్చిన రోజే దేవన్న వచ్చాడు. జగిత్యాల అబ్బాయి, రియాద్‌లో ఏసీ మెకానిక్, మా గోడౌన్ పని మీద వచ్చాడు. భోజనానికి కూర్చోబెడితే ముద్ద మింగలేకపోయాడు. ఏమిట్రా అంటే ఇట్లా చెప్పాడు: "సార్, ఏమనుకోకుండ్రి. మీ అక్కను మెట్రో స్టేషన్ కాడ చూసిన. గా పాత బండ్లనే ఉంటుండ్రు. అమ్మ బియ్యం కడుగుతున్నది. పెద్దసారు లోపట పండుకొని పుస్తకం చదువుతున్నడు. కిటికీకి తువ్వాల ఆరేసిండ్రు. పలకరిద్దామనుకున్న గని మనసొప్పలే సార్."

నేను మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పరుపు, గిన్నెలు, పార్కింగులో అన్నం, 'ఇల్లు ఒకే చోట ఉండాలని ఎవరన్నారు.' మీరు చెప్పకుండానే చెప్పారు, నేను మొద్దును, నాకు అర్థం కాలేదు. ఎగ్జిట్ వేసిన వాళ్ళను ముందే ఫ్లాటు ఖాళీ చేయించడం ఇక్కడ నేను కళ్ళారా చూశాను.

బావా, నిజం చెప్పండి. మీకు ఇల్లు ఉందా?

ఓబులేసు


రియాద్
4 జనవరి 2025

ప్రియమైన ఓబులేసూ,

నీ ఉత్తరం చదివాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం మడిచి మళ్ళీ విప్పి చదివాను, మళ్ళీ తిరిగాయి.

నాకు అబద్ధం రాసే అలవాటు లేదు. దేవన్న చూసింది నిజం. మంచం చిన్నది. ఒకరు ఒత్తిగిలితే రెండోవారు లేవాలి. పొయ్యి ఒక్కటే, నీళ్ళు డబ్బాతో తెచ్చి పోసుకోవాలి. పైకప్పు పైకి లేపితే గాని నేను నిటారుగా నిలబడలేను, ఈదురుగాలి వస్తే అదీ లేదు. మొన్నటి చలికి జయమ్మ రెండు స్వెట్టర్లు తొడుక్కుంది. పొరుగు రోజుకొకటి. అప్పుడప్పుడు పోలీసు వచ్చి కిటికీ తట్టి, ఇక్కడ కాదు అక్కడ పెట్టుకోమంటాడు. పెట్టుకుంటాం. పుస్తకాలకు చోటు లేదు, అదొక్కటే నా బాధ. ఇంతవరకు ఎవరినీ ఏమీ అడగలేదు, అడగను.

మీ అక్క నోరు తెరిచి ఒక్క ఫిర్యాదు చేయదు. నేను నీకిలా రాశానని ఆమెకు తెలియదు, తెలియనివ్వకు.

ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ఎవరికీ చెప్పకు. మరీ ముఖ్యంగా లక్ష్మణమూర్తికి చెప్పకు.

నీ బావ,
సీతారామయ్య


హఫర్ అల్ బాతిన్
11 జనవరి 2025

బావగారికి పాదాభివందనాలతో,

చెప్పకుండా ఉండలేకపోయాను. మీ ఉత్తరం ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టాను. క్షమించండి. లక్ష్మణమూర్తి గారు వాయిస్ మెసేజ్‌లో ఏడ్చారు. "అంత చదువుకున్న మనిషి, మనతో ఒక్క మాట అనలేదంటే మన సంఘం ఎందుకయ్యా" అన్నారు. వచ్చే శుక్రవారం సాయంత్రం అందరూ కలిసి మెట్రో పార్కింగుకు వస్తారు. అక్కడే బత్హా పేటలో మీకొక గది కూడా చూశారట.

మస్తాన్ వలీతో బియ్యం మూట, గోంగూర పచ్చడి, రెండు దుప్పట్లు పంపుతున్నాను. బావ నిజంగా బండిలోనే ఉంటున్నాడా అని ఆయన్ను అడిగితే మొహం అటు తిప్పుకుని, "సార్, నేను టైల్స్ మోసేటోన్ని. ఇండ్ల సంగతి నన్నెందుకు అడుగుతారు" అన్నాడు. మీ పరువు కాపాడుతున్నాడు పాపం.

ఒక ముఖ్యమైన మాట. నేనూ ప్రేమలతా నిర్ణయించుకున్నాం. ఇరవై నాలుగున ఒడిబియ్యం పోశాక అక్క తిరిగి రాదు. ఎగ్జిట్ రోజు దాకా మా దగ్గరే ఉంటుంది. నడుము కోసం గట్టి పరుపు కొన్నాను, పైగది సిద్ధం చేశాను. మీరు బత్హా గదిలో ఉండి ఆఫీసుకు పోవచ్చు. ఆ బండిని మాత్రం తుక్కుకు అమ్మేయండి. మిమ్మల్ని ఈ స్థితికి తెచ్చింది అదే.

మీరు అభిమానపడి కాదంటే ఊరుకోను. ఆమె నాకు అక్క. పార్కింగులో వదిలిపెట్టను.

ఓబులేసు


రియాద్
22 జనవరి 2025

ఓబులేసుకు,

ఈ ఉత్తరం నీకు అందించేది మీ అక్కే. ముందు ఆమె చదువుతుంది, అందుకని కొన్ని విశేషణాలు తీసేశాను.

నాకు ఇల్లుంది. మలజ్‌లో అదే ఫ్లాటు, అదే మొండి లిఫ్టు. విమానం ఎక్కేదాకా ఉంటుంది. లేదని నేను ఎక్కడా రాయలేదు, కావాలంటే చూసుకో. నువ్వు ఒక తలుపును చూసి నాలుగేళ్ళు అలిగావు, ఒక కిటికీలో తువ్వాలను చూసి నన్ను బిచ్చగాణ్ణి చేశావు. నేను అడ్డం రాలేదు, అంతే. నీ గ్రూపు వాళ్ళు కాసేపు సిగ్గుపడితే చూడాలనిపించింది.

చూశాను. శుక్రవారం సాయంత్రం కారు వెనక కారు వచ్చింది. పిల్లలు, దుప్పట్లు, ఒక ఇడ్లీ కుక్కరు. బషీరున్నీసా అని ఆస్పత్రిలో నర్సు, నన్ను ఎప్పుడూ చూడని మనిషి, తన రెండు గదుల్లో ఒకటి తీసుకోమని తాళంచెవి నా చేతిలో పెట్టబోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. సంబరం అక్కడికే సగం చచ్చిపోయింది. మిగతా సగాన్ని లక్ష్మణమూర్తి చంపాడు. నాకు శాలువా కప్పి, "మీ వ్యాసం ఈ ఉగాదికి పూర్తిగా వేస్తాం సార్. ఒక్క అక్షరం కోయం" అన్నాడు. ఇన్నేళ్ళు తర్కంతో పోరాడితే రానిది జాలితో వచ్చింది. అంతకన్నా చెప్పుతో కొట్టి ఉంటే బాగుండేది.

ఆ సందడికి బండిలో పడుకున్న మీ అక్క నిద్ర లేచి తలుపు జరిపింది. ఎదురుగా ఊరంతా దుప్పట్లతో నిలబడి ఉంది. "మాకు ఇల్లు ల్యాదని ఎవురు చెప్పినారు?" అంది. లక్ష్మణమూర్తి ఫోన్‌లో నా ఉత్తరం చూపించాడు. తలుపు దగ్గరే నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, కామా వదలకుండా చదివింది. నేను ఆకాశం చూశాను. చదివి, ఫోన్ తిరిగి ఇచ్చి, "నిజమేనన్నా. నా ఇల్లు ఇదే. ఆయన ఇల్లు యాడుందో ఆయన్నే అడగండి" అని అందరికీ టీ పెట్టింది.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడింది రెండు మాటలు. ఒకటి: "వలీని పిలిచినా. బండి ఆయనే తోలతాడు. నేను మా తమ్ముని దగ్గరికి పోతాండా." రెండోది, నేను నా సంగతేమిటంటే: "పుస్తకాలకు చోటు ల్యాదని రాసుకున్నావు కదా. ఇంటినిండా చోటే ఇంక. పెట్టుకో."

కాబట్టి ఓబులేసూ, ఆమె వస్తోంది. బండితోనే వస్తోంది. నువ్వు బండి వద్దన్నావనీ, గేటు నీదనీ ఆమెకు తెలుసు. ఈసారి ఆమెను వీధిలోంచి వెనక్కి పంపావంటే ఇక ఏ గడపా మిగలదు. నా మీద కోపం నా కోసం దాచి పెట్టు. నడుము కింద చిన్న దిండు పెట్టాలి, ఎడమవైపు.

నేను మెట్రోలో ఆఫీసుకు పోతున్నాను. శుభ్రంగా ఉంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

సీతారామయ్య


హఫర్ అల్ బాతిన్
27 జనవరి 2025

బావా,

నీకు 'గారు' తీసేశాను. ఇక పెట్టను. నీ కోసం నేను గ్రూపులో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ వాయిస్ మెసేజ్ ఇప్పుడు మా స్టోర్స్ కుర్రాళ్ళు రింగ్‌టోన్ పెట్టుకున్నారు.

అక్క వచ్చింది. బండి వీధిలోకి తిరిగే శబ్దం వినపడగానే లేచి, మళ్ళీ కూర్చున్నాను. షరతు గుర్తుంది, మాట మీద నిలబడే మనిషిని. ప్రేమలతకు ఆ షరతు సంగతి తెలియదు, హారతి పళ్ళెంతో ముందే పరుగెత్తింది. నేను వెనకాల పోయాను, మళ్ళీ ఆ కొంగకే హారతి అనుకుంటూ. బండి పోయినసారి వచ్చిన వైపు నుంచి రాలేదు. వీధి అవతలి కొస నుంచి వచ్చింది. వచ్చి ఆగేసరికి తలుపు మా గేటుకు ఎదురుగా ఉంది! ఆ తలుపు పక్కకు జరిగి తెరుచుకుంది. అక్క పరుపు మీద లేచి కూర్చుని, "ఏం రా, లావైనావు" అంది.

"ఆ కొస నుంచి రమ్మని అక్కనే చెప్పింది సార్" అన్నాడు మస్తాన్ వలీ. "తలుపు తమ్ముని వైపు ఉండాల అనింది."

నువ్వు ఇంజనీరువి, నేను స్టోర్స్ మేనేజరుని. వీధికి రెండో కొస ఉందని నాలుగేళ్ళలో మనిద్దరికీ తట్టలేదు.

శుక్రవారం ఒడిబియ్యం పోశాం. కొంగులో పోస్తూ అక్క మొహం వైపే చూసి సగం కింద పోశాను. అక్క ఏరుకుంది. తరవాత అసలు సంగతి. ఆ బియ్యం తన ఇంటికి తీసుకుపోయి వండాలి కదా, ఎగ్జిట్ దాకా మా దగ్గరే ఉండబోతోంది కదా, ఎట్లా అని ప్రేమలత అడిగింది. అక్క కొంగు ముడి వేసుకుని గేటు దాటి బండి ఎక్కింది. పొయ్యి వెలిగించింది. "నా ఇల్లు ఇదేనంట. మీ బావ ఊరంతా చెప్పినాడు" అంటూ మా గేటు ముందే పరమాన్నం వండింది. అబూ ఫహద్ భార్యాపిల్లలు వచ్చి బండిలో కూర్చుని తిన్నారు. ఆయనే వచ్చి పైకప్పు లేపించి, దించించి, మళ్ళీ లేపించి చూశాడు. ఇప్పుడు ఎడారిలో గుడారాల కాలం కదా, అట్లాంటి బండి తనకు ఎక్కడ దొరుకుతుందని ఆఫీసులో అందరి ముందూ నన్నే అడుగుతున్నాడు. నా కొత్త కారు గురించి ఒక్కడూ అడగలేదు.

ఇప్పుడు మధ్యాహ్నమైతే అక్కా, ప్రేమలతా, అబూ ఫహద్ భార్యా ఆ బండి వేసుకుని ఎడారికి పోతున్నారు, తోలేది అబూ ఫహద్ భార్య. ప్రేమలత లైసెన్సు స్కూల్లో చేరింది. నేను ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్‌లో పెరుగు ఉంటుంది. పెరుగు మాత్రమే.

అక్క నీ పేరు ఎత్తడం లేదు. బావా, వచ్చి తీసుకుపో. బండితో సహా. బతిమాలుతున్నాననే అనుకో.

ఓబులేసు


రియాద్
1 ఫిబ్రవరి 2025

ఓబులేసుకు,

బతిమాలుతున్నావనే అనుకున్నాను. ఆ వాక్యం కింద గీత గీసుకున్నాను.

ఇక్కడ నా పరిస్థితి. నాకు ఫ్లాటు ఉందని అక్కడికక్కడే నేను చెప్పి ఉండాల్సింది. శాలువా భుజం మీద ఉండగా నోరు రాలేదు. దాంతో లక్ష్మణమూర్తి నన్ను ఫ్లాటులో పట్టుకుని, ఎవరో దయగలవాళ్ళు ఆశ్రయమిచ్చారనుకుంటున్నాడు. ప్రతి సాయంత్రం క్యారేజీ తెస్తాడు. నేను తింటున్నంతసేపూ తన కవితలు వినిపిస్తాడు. ఛందస్సు నుంచి పారిపోయిన కవితలు. అన్నం పెట్టినవాణ్ణి విమర్శించలేక మొదటిసారి ఒక మనిషి కవిత్వాన్ని చివరిదాకా విన్నాను. నువ్వు నాకు కోరుకున్న శిక్షలన్నీ కలిపినా ఇంత ఉండవు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పొద్దున బండి రెండో తాళంచెవి చేతిలోకి తీసుకుంటాను, తిప్పడానికి బండి లేదు. మార్కెట్‌లో కొత్తిమీర అబ్బాయి "మీ వైపర్లు ఏవి అంకుల్?" అన్నాడు. వాడి దగ్గర అక్కర్లేని రెండు కట్టలు కొనుక్కుని వచ్చేశాను.

గురువారం బస్సుకు వస్తున్నాను. బండి కోసం వస్తున్నానని చెప్పు. ఆమె నమ్మదు. అయినా చెప్పు.

సీతారామయ్య


బండిలోంచి, నీ గేటు ముందు
7 ఫిబ్రవరి 2025, మధ్యాహ్నం

ఓబులేసుకు,

ఇరవై అడుగుల దూరానికి ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేస్తే నువ్వు పెట్టేస్తావని భయం. మస్తాన్ వలీ ఈ కాగితం పట్టుకొస్తాడు, ఆయన నవ్వు ఆగాక.

నిన్న గేటు దగ్గర జరిగింది నువ్వూ చూశావు. నేను చెప్పు విడిచి గడప మీద కాలు పెట్టబోతే మీ అక్క నా సంచి తీసుకెళ్ళి బండిలో పెట్టింది. "ఈయన ఇల్లు ఇది. రాతపూర్వకంగా ఉంది. ఉండనీ" అంది. అన్నం కంచంలో పెట్టి పంపింది. అన్నం వేడిగా వచ్చింది, మనిషి రాలేదు.

ఆమెకు ఒక మాట చెప్పు. లక్ష్మణమూర్తికి బస్సులోనే మెసేజ్ పెట్టాను. నాకు ఫ్లాటు మొదటి నుంచీ ఉందని, దుప్పట్లన్నీ పనివాళ్ళ క్యాంపులో ఇచ్చేయమని, నా వ్యాసాన్ని సగం కాదు, మొత్తం కోసేయమని. బషీరున్నీసా గారి దగ్గరకు నేనే వెళ్ళి చెబుతాను, అది మెసేజ్‌లో చెప్పేది కాదు.

అక్క ఏమందో వెంటనే రాయి.

సీతారామయ్య


లోపలి నుంచి
అదే రోజు

బావా,

చెప్పాను. "బషీరున్నీసా కాడికి పోయి వచ్చినాంక చూస్తా. అంతవరకు ఆడనే ఉండమను" అంది. కానీ నీకు ఇష్టమైన చిక్కుడుకాయ కూర మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. అది దేనికో నేను అడగలేదు.

అంతకన్నా పెద్ద వార్త. మీరు వెళ్ళిపోయేటప్పుడు బండిని ప్రేమలతకు ఇచ్చేస్తుందట! కాగితాలు కూడా మార్పిస్తుందట. లైసెన్సు రాగానే ప్రేమలత రోజూ దాంట్లోనే అంగడికి పోతుందట. ఇక్కడే, మా గేటు ముందే ఉంటుందట.

ఇది మాత్రం జరగదు. ఇప్పుడే వెళ్ళి ప్రేమలతకు గట్టిగా చెప్పేస్తాను.

ఓబులేసు


బండిలోంచి
అదే రోజు

ఓబులేసుకు,

నన్ను అడగకుండానే ఇచ్చేసిందా? మంచి పని చేసింది. దీన్ని ప్రొద్దుటూరు తీసుకుపోలేనని రోజులుగా కుమిలిపోతున్నాను. నీ గేటు ముందు వదిలిపోవచ్చని ముందే తెలిసి ఉంటే హాయిగా నిద్రపోయేవాణ్ణి. నేను రాసిన ఏ వ్యాసంలోనూ ముగింపు ఇంత బాగా కుదరలేదు.

ప్రేమలతతో గట్టిగా చెప్పు. ఏమందో త్వరగా రాయి. కిటికీ తెర పక్కకు తీసి చూస్తున్నాను. లోపల గొంతులు వినిపిస్తున్నాయి గాని నీ గొంతు వినిపించడం లేదేం?

సీతారామయ్య


గేటు బయట
అదే రోజు, సాయంత్రం

బావా,

చెప్పాను. "ఈ బండి మన గేటు ముందు ఉండకూడదని డిసెంబరులోనే రాశాను" అన్నాను. అది నోరు జారి వచ్చింది. ప్రేమలత అక్క వైపు చూసింది. అక్క తల ఊపింది. "ఆడపడుచు వచ్చే బండిని గేటు కాడికి రావద్దని రాసినావా నువ్వు?" అంది ప్రేమలత. నేను తలుపు సంగతి, కొంగ సంగతి, అబూ ఫహద్ పిల్లలు నవ్విన సంగతి మొదటి నుంచీ చెప్పబోయాను. వినలేదు. దుప్పటి తెచ్చి చేతిలో పెట్టింది.

ఈ కాగితం మస్తాన్ వలీ తేవడం లేదు. ఆయన లోపల నా కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయ కూర తింటున్నాడు. నేనే తెచ్చాను. నీ కిటికీ సందులోంచి వేస్తున్నాను. తెర వెనకాల నవ్వుతున్నావని తెలుసు.

చలిగా ఉంది. అబూ ఫహద్ మేడ మీదినుంచి చూస్తున్నాడు. తలుపు తియ్ బావా.

ఓబులేసు